ఆరో సంతకం

బెజవాడ,
18 జూన్ 1945.

మామయ్యగారికి సుబ్బరత్నం నమస్కారాలు.

ఉత్తరం మొదట్లో అందరి క్షేమమూ వరసగా రాయాలని పిన్ని పక్కన కూచుని చెబుతోంది. సరే, పిన్ని క్షేమం, పాండురంగయ్య బాబాయి క్షేమం, బాబాయి బట్టల కొట్టు క్షేమం, మేడ మీద వాళ్ళ పిల్లి కూడా క్షేమం. ఇక అసలు సంగతికి వస్తాను.

దీనితో ఒక ఫారం పంపిస్తున్నాను. నాన్నకు రాస్తే చదివించుకోవడానికి ఎలాగూ మీ మగ్గం దగ్గరికే తెస్తాడు కనక నేరుగా మీకే రాస్తున్నాను. ఫిఫ్తు ఫారంలోకి వచ్చానుగా. ఇక్కడి నుంచి అందరూ చదివే పాఠాలు కాక, మన ఇష్టం కొద్దీ ఒక పాఠం ఎంచుకోవాలి. రెండేళ్ళు అదే చదివి, సిక్స్తు ఫారం చివర ఎస్సెల్సీ పరీక్షలో అదే రాయాలి. మా స్కూల్లో ఉన్నవి రెండే. ఒకటి చరిత్ర. రెండోది ఆల్జీబ్రా, జామెట్రీ కలిసిన పెద్ద లెక్కలు. నేను లెక్కలు రాశాను.

నవ్వకండి మామయ్యా.

లెక్కలు చెప్పేది శౌరమ్మ టీచరుగారు. ఫిరంగిపురం వారు. ఆవిడ గురించి మీకు ఎంత రాసినా తక్కువే. దారం లేదు, మేకు లేదు, చెయ్యి ఒక్క తిప్పు తిప్పి బోర్డు మీద వృత్తం గీస్తారు. అది ఎక్కడా కోడిగుడ్డులా ఉండదు. ఆవిడ గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు. మనం తప్పు చేస్తే "మళ్ళీ చూడమ్మా" అంటారు, అంతే. మళ్ళీ చూస్తే మన తప్పు మనకే కనబడి సిగ్గేస్తుంది.

నా పక్కన కూచునేది మణెమ్మ. కంకిపాడు రైతుల పిల్ల, హాస్టల్లో ఉంటుంది. టీచరుగారు లెక్క బోర్డు మీద పూర్తిగా రాయకముందే జవాబు చెప్పేసి, ఆ తర్వాత తొందరపడ్డానే అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. పెద్ద లెక్కలు కనీసం ఆరుగురు ఎంచుకుంటేనే క్లాసు పెడతామని, లేకపోతే అందరూ చరిత్రే చదవాలని హెడ్‌మిస్ట్రెస్‌గారు చెప్పారు. సరిగ్గా ఆరుగురం అయ్యాం. ఆరో పేరు నాది.

ఫారం మీద పెద్దవాళ్ళ సంతకం కావాలి. శుక్రవారం బాబాయి కొట్టుకు వచ్చే బట్టల మూటతో పంపించండి.

మీ
సుబ్బరత్నం


మంగళగిరి,
21 జూన్ 1945.

చిరంజీవి రత్నానికి మామయ్య అంకమ్మరావు ఆశీస్సులు.

నవ్వొద్దన్నావు, నవ్వలేదు. నా బదులు మీ అత్తయ్య హనుమాయమ్మ నవ్వింది. నవ్వి నవ్వి పొయ్యి మీద పాలు పొంగబెట్టింది. నీకు ఎనిమిదేళ్ళప్పుడు నూలు చుట్టిన కండెలు లెక్కపెట్టమంటే నలభై దాకా వచ్చి, "ఇంకా చాలా ఉన్నయ్యి మామయ్యా" అని చెప్పి లేచిపోయావు. ఆ పిల్ల పెద్ద లెక్కలు చదువుతుందంటే మేమేం చెయ్యాలి చెప్పు.

అదీగాక చరిత్ర అంటే నీకు ప్రాణం. మొన్న వేసవిలో అరుగు మీద కూచుని కొండవీటి కోట కథ చెప్పి మా వీధిలో నాలుగు మగ్గాలు ఆపించావు. బసవపున్నయ్య పోగు విసిరే నాడె చేతిలో పట్టుకుని అలాగే నోరు తెరుచుకుని విన్నాడు. ఆ పిల్ల ఉన్నట్టుండి చరిత్రను ఎందుకు వదిలేసిందో నాకు అంతుపట్టలేదు.

అయినా సంతకం చేశాను. మీ నాన్న కూడా సరేనన్నాడు. "దాని ఇష్టం, ఎస్సెల్సీ పాసైతే సరి, టీచరు ట్రైనింగుకు పంపిద్దాం" అన్నాడు. పాసవడం ముఖ్యం అన్న మాట రెండుసార్లు అన్నాడని రాయమన్నాడు, రాశాను.

ఒక్క సంగతి. ఆరో పేరు నాది అన్న చోట నీ కలం కాస్సేపు ఆగింది. సిరా బొట్టు పెద్దదిగా పడింది. మగ్గం మీద బతికేవాడికి పోగు ఎక్కడ ఆగిందో కనబడుతుంది. నువ్వు చెప్పాలనుకున్నప్పుడు చెప్పు, తొందర లేదు.

మీ మామయ్య


బెజవాడ,
2 అక్టోబరు 1945.

మామయ్యగారికి,

మీ కళ్ళు మగ్గానికి మాత్రమే కాదు, పోలీసులకు కూడా పనికొస్తాయి. చెప్పేస్తున్నాను.

ఆ రోజు మధ్యాహ్నం గంట కొట్టేలోపల ఫారాలు నింపి చూపించాలి, సంతకాలు తర్వాత. లెక్కలకు అయిదుగురే వచ్చారు. హెడ్‌మిస్ట్రెస్‌గారు గుమ్మం దాకా వచ్చి, "అయిదయితే క్లాసు లేదు" అని చెప్పి వెళ్ళారు. మణెమ్మ నన్ను ఒక్క మాట అడగలేదు మామయ్యా. అడిగి ఉంటే కుదరదు పొమ్మనేదాన్నేమో. తన ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి, లెక్కల పుస్తకంలో దాచుకుని, ఆ పుస్తకం సంచిలో అడుగున పెట్టేసింది. ఇక దానితో పని లేదన్నట్టు. నేను చూడలేకపోయాను. అప్పటికే నా ఫారం మీద చరిత్ర అని రాసి ఉంది. కొట్టేసి లెక్కలు అని రాశాను. మీకు సంతకానికి పంపింది మళ్ళీ శుభ్రంగా నింపిన ఫారం.

ఫలితం ఇదిగో. మూడు నెలల పరీక్షలో మణెమ్మకు యాభైకి నలభై తొమ్మిది. నాకు పదకొండు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పిన్ని దెప్పుతోంది. శౌరమ్మ టీచరుగారు మాత్రం దెప్పలేదు. నా కాగితం ఇచ్చేటప్పుడు "పదకొండు మార్కులకు సరిపడా నీకు వచ్చు, అక్కడి నుంచి మొదలుపెడదాం" అన్నారు. వచ్చినదాన్ని ముందు చెప్పే టీచరును నేనింతవరకు చూడలేదు.

ఇప్పుడు ఇంటి దగ్గర చెయ్యమని ఒక లెక్క ఇచ్చారు. పుస్తకంలోదే. ఇది మీ వీధి లెక్కలా ఉంది, మీరే సాయం చెయ్యాలి. ఒక బట్ట పన్నా నలభై అయిదు అంగుళాలు. రెండు వైపులా ఒకే వెడల్పున అంచులు ఉన్నాయి. నడుమ భాగంలో అంగుళానికి నలభై ఎనిమిది పోగులు, అంచుల్లో అంగుళానికి అరవై. మొత్తం పోగులు రెండు వేల రెండు వందల ముప్పై రెండు. అయితే ఒక్కో అంచు వెడల్పు ఎంత?

ఎవరికీ చెప్పకండి. నాన్నకు అసలే చెప్పకండి.

మీ
రత్నం


మంగళగిరి,
5 అక్టోబరు 1945.

చిరంజీవి రత్నానికి,

పదకొండు సంగతి మీ నాన్నకు చెప్పలేదు. మీ అత్తయ్యకు చెప్పాను, కాబట్టి ఆదివారానికల్లా ఆయనకూ తెలుస్తుంది.

స్నేహితురాలి కోసం చరిత్రను కొట్టేశావు. నేను అయితే ఆ వయసులో చేసేవాణ్ణి కాదు. ఈ వయసులోనూ చేస్తానని నమ్మకం లేదు. ఇంతకంటే నిన్ను పొగిడితే నీకు తలకెక్కుతుంది కనక ఆపుతున్నాను.

నీ లెక్క చూశాను. ఇదీ ఒక లెక్కేనా! కండె చుడుతూ చేశాను. బట్ట అంతా నడుము నేతే అనుకో. నలభై అయిదు ఇంటూ నలభై ఎనిమిది, రెండు వేల నూట అరవై. పుస్తకం చెప్పిన మొత్తంలో ఇంకా డెబ్బై రెండు పోగులు మిగిలాయి. వాటిలో ఇరవై నాలుగు చివరి పోగులకు పోతాయి. ఏ బట్టకైనా ఆ కొసన, ఈ కొసన పన్నెండేసి పోగులకు ఒక్కోదానికి ఇంకో పోగు జోడించి జంటగా పోస్తాం, లేకపోతే నాలుగు ఉతుకులకు చీలికలు పేలికలు అవుతుంది. అది పోగా మిగిలింది నలభై ఎనిమిది. అంచులో అంగుళానికి పన్నెండు పోగులు ఎక్కువ, రెండు వైపులా కలిపి ఇరవై నాలుగు. కాబట్టి అంచు రెండు అంగుళాలు.

చివరి పోగుల మాట పుస్తకం రాసినాయన చెప్పలేదు. అందరికీ తెలిసిందే కదా, చెప్పేదేముందని వదిలేసి ఉంటాడు.

ధైర్యంగా వెళ్ళి చూపించు.

మీ మామయ్య


బెజవాడ,
20 అక్టోబరు 1945.

మామయ్యగారూ,

ధైర్యంగా వెళ్ళి చూపించాను. మీ లెక్క తప్పు.

అయిదుగురికీ మూడు అంగుళాలు వచ్చింది, నాకొక్కదానికే రెండు. శౌరమ్మ టీచరుగారు "మళ్ళీ చూడమ్మా" అన్నారు. చూశాను, మళ్ళీ రెండే. ఆవిడ నా కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చదివారు.

"ఎవరు చెప్పారమ్మాయ్ నీకిది?"

"మా మామయ్యండి. మంగళగిరిలో నేస్తారండి."

నేను చీవాట్లకు సిద్ధంగా ఉన్నాను. ఆవిడ ఏం చేశారో చెప్పండి చూద్దాం! తన పైట కొంగు ఒడిలోకి లాక్కుని, జాకెట్టుకున్న పిన్నీసు తీసి, దాని మొనతో అంచు కొసన ఒక్కొక్క పోగూ లెక్కపెట్టడం మొదలుపెట్టారు. క్లాసంతా చుట్టూ చేరింది. మణెమ్మ పైకి లెక్కపెట్టింది. పన్నెండు జంటలు, మామయ్యా! పదమూడోది ఒంటి పోగు.

"ఇరవై ఏళ్ళుగా ఈ లెక్క చెబుతున్నా. కట్టుకున్న చీర కొస ఏనాడూ చూడలా" అన్నారు టీచరుగారు. అంత పెద్దావిడ ఆరుగురు పిల్లల ముందు అంత మాట అన్నారు. ఆవిడ మీద నాకు అప్పటిదాకా ఉన్నది భయం. ఆ పూటతో అది పోయి, ఇంకేదో వచ్చింది.

తర్వాత నన్ను బోర్డు దగ్గరికి పిలిచారు. "మీ మామయ్యగారికి తెలిసింది పుస్తకానికి తెలియదు. అయితే లెక్కలో లేనిది కలుపుకోవాలంటే ముందు పైకి చెప్పి కలుపుకోవాలి. మనసులో ఉంచుకుని కలిపితే తప్పు. చివర్న ఇన్ని జంట పోగులు ఉన్నాయి అనుకుందాం అని రాసి, అప్పుడు చెయ్యి" అన్నారు. అలాగే రాశాను. మగ్గం ఎలా ఉంటుందో, కొస ఎందుకు గట్టిగా ఉండాలో అందరికీ చెప్పాను. ఎక్స్ అని పెట్టి చేసుకుంటూ పోతే రెండు వచ్చింది. ఎవరూ చెప్పకుండా నేనే చేశాను.

నా కాగితం మీద ఎర్రసిరాతో ఇలా రాశారు: "కాగితానికి తప్పు. బట్టకు ఒప్పు. నేసిన వారికి నా నమస్కారాలు." అది మీదే కనక పంపిస్తున్నాను.

మీ
రత్నం


మంగళగిరి,
4 నవంబరు 1945.

చిరంజీవి రత్నానికి,

ఎర్రసిరా కాగితం వీధంతా తిరిగి వచ్చింది. బసవపున్నయ్య దాన్ని అద్దం బిగించి గోడకు పెట్టమంటాడు. తప్పు అని రాసి ఉందిరా అంటే, "రెండో ముక్క చదువు బావా" అంటాడు.

చెప్పి కలుపుకోవాలి అన్న మాట నాకు బాగా నచ్చింది. లెక్కలకే కాదు, కాపురాలకూ పనికొచ్చే మాట అని మీ అత్తయ్య అంటోంది. నన్నే అంటోంది.

రేషను కార్డు మీద ఇచ్చే నూలు మూలకు రావడం లేదు. నెలలో పది రోజులు మగ్గం ఖాళీ. అయినా ఉన్న నూలుతో ఒక రవికెల గుడ్డ నేశాను. అంచు సరిగ్గా రెండు అంగుళాలు. శౌరమ్మగారికి ఇచ్చి, కొలుచుకోమను.

మీ మామయ్య


బెజవాడ,
20 జూన్ 1946.

మామయ్యగారికి,

ఇన్నాళ్ళూ బాగానే నెట్టుకొచ్చాను. ఇప్పుడు ఏం చెయ్యాలో తోచక రాస్తున్నాను.

మణెమ్మ వెళ్ళిపోయింది. వాళ్ళ నాన్న కంకిపాడు పొలం అమ్మేసి నిజాంసాగరం కాలవ కింద ఎక్కువ భూమి కొన్నారట. ఇంటిల్లిపాదీ బోధను దగ్గర ఏదో పల్లెకు తరలిపోయారు. అక్కడ ఉర్దూ బడి తప్ప ఆడపిల్లలకు వేరే బడి లేదు. స్టేషనుకు నేనూ బాబాయీ వెళ్ళాం. రైలు కదిలే ముందు అది ఏమందో తెలుసా? "నీ ఫారం మీద చరిత్ర అని రాసి కొట్టేసి ఉండటం ఆ రోజే చూశా. అడిగితే మనసు మార్చుకుంటావేమోనని ఏడాదిగా అడగలా. నన్ను తిట్టుకోకు" అంది. నేను తిట్టుకోవడమేమిటి మామయ్యా! దాని పుస్తకాలన్నీ నాకిచ్చి, ఏడవకుండా ఎక్కింది. నేనే ఏడ్చాను.

ఇక్కడితో అయిపోలేదు. సిక్స్తు ఫారంలో లెక్కలకు అయిదుగురం మిగిలాం. హెడ్‌మిస్ట్రెస్‌గారు నన్ను గదిలోకి పిలిచారు. ఏడాది పరీక్షలో నాకు నూటికి ఇరవై తొమ్మిది. ముప్పై అయిదు వస్తేనే పాసు. "నీ మంచికే చెబుతున్నా. చరిత్రలో నీకు తొంభై వస్తాయి. ఒక్క ఏడాదిలో రెండేళ్ళ పాఠం నీకు లెక్క కాదు. ఈ నెలాఖరు లోపల మారిపో" అన్నారు. నేను మారితే మిగతావాళ్ళ సంగతేమిటని అడిగాను. మొదలైన క్లాసు కనక అయిదుగురితో ఎలాగో నడుపుతారట. నలుగురయితే మూసేస్తారట. అప్పుడు ఆ నలుగురూ చరిత్రలోకి రావాలి. వాళ్ళకు నాలాగా చరిత్ర రాదు.

ఉంటే నేను తప్పుతాను. పోతే వాళ్ళు తప్పుతారు. శౌరమ్మ టీచరుగారు నా వైపు చూడటం మానేశారు, చూస్తే నేను మొహమాటపడతానని కాబోలు. మీరు చెప్పండి.

మీ
రత్నం


మంగళగిరి,
23 జూన్ 1946.

చిరంజీవి రత్నానికి,

దిగిపో.

ఎవరి కోసం ఎక్కావో ఆ పిల్లే లేదు. మీ నాన్న రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదు. నువ్వు ఎస్సెల్సీ తప్పితే టీచరు ట్రైనింగు లేదు. తిరిగి వచ్చి ఈ వీధిలో కండెలు చుట్టాల్సిందే, అదీ నూలు ఉంటే. చరిత్రలో చేరు.

ఇలా రాస్తున్నందుకు నా మీద నీకు గౌరవం తగ్గుతుందేమో. తగ్గినా సరే, నీకెప్పుడూ చెప్పని మాట ఒకటి చెబుతాను. చెప్పి కలుపుకోమన్నారుగా మీ టీచరుగారు.

మన ఇళ్ళలో మగ్గం ఎక్కిన పడుగును మధ్యలో కొయ్యరని నీకు తెలుసు. నేసేవాడికి ఏదైనా అయితే ఇంట్లోవాడో, వీధిలోవాడో ఆ మగ్గం గుంటలో కూచుని చివరిదాకా నేసి దించాలి. నాకు పదమూడేళ్ళప్పుడు మా నాన్న మగ్గం మీద పడుగు సగం ఉండగా పోయాడు. నేను గుంటూరులో థర్డు ఫారం చదువుతున్నాను. పెద్దకొడుకును కనక పిలిపించారు. ఇరవై రోజుల్లో ఆ పడుగు దించాను. చాలా బాగా నేశానని అందరూ మెచ్చుకున్నారు. దించేలోపలే పక్కన రెండో పడుగు సిద్ధంగా ఉంది. ఆ తర్వాత బడికి వెళ్ళమని నన్ను ఎవరూ అనలేదు. నేనూ అడగలేదు.

బళ్ళో నా చివరి రోజున మాస్టారు బోర్డు మీద ఒక లెక్క వేసి, అందులో ఎక్స్ అనే అక్షరం రాశారు. లెక్కలో అక్షరమేమిటని మేమంతా నవ్వాం. "అదేమిటో రేపు చెబుతాను" అన్నారు. ఆ రేపు నాకు రాలేదు. నీ అంచు లెక్క కూడా నేను పోగులతో చేశానే గాని ఎక్స్‌తో కాదు, గమనించావో లేదో.

ఇంకొకరి పడుగు మీద కూచుంటే ఏమవుతుందో నాకు తెలుసు కనక చెబుతున్నాను. దిగిపో తల్లీ.

మీ మామయ్య


బెజవాడ,
28 జూన్ 1946.

మామయ్యగారికి,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మీరు దిగిపొమ్మన్నందుకు కోపం రాలేదు. ఆ రేపు నాకు రాలేదు అన్నచోట మాత్రం ఏడుపు ఆగలేదు. పిన్ని కంగారుపడి బాబాయిని కొట్టు దగ్గర నుంచి పిలిపించింది.

నేను దిగడం లేదు. హెడ్‌మిస్ట్రెస్‌గారికి ఈ పొద్దున చెప్పేశాను.

ఎందుకంటే, పోయిన ఏడాది బసవపున్నయ్య బాబాయి సన్నిపాత జ్వరంతో పడిపోతే ఆయన మగ్గంలో పదకొండు రోజులు కూచున్నది ఎవరు? ఆ చీర రంగు మీకు చూడబుద్ధి కాదు. కూచున్నన్నాళ్ళూ దాన్ని తిడుతూనే నేశారు. సెలవులకు వచ్చి నేను కళ్ళారా చూశాను. పడుగుల మీద కూచోకూడదని అంత బాగా తెలిసినవారు మళ్ళీ ఎందుకు కూచున్నారు? మీరు చేసేది చూసి నేర్చుకోమంటారా, రాసేది చూసి నేర్చుకోమంటారా?

నా కోసం కూడా ఉంటున్నాను, అది దాచను. ఆ రోజు బోర్డు దగ్గర నిలబడి, ఏమీ తెలియని చోటు నుంచి బయలుదేరి రెండు దగ్గరికి చేరానే, ఆ పావుగంట నాకు మరుపు రావడం లేదు. కొండవీటి కోట కథ చెబితే అందరూ నన్ను మెచ్చుకుంటారు. ఇక్కడ ఎవరూ మెచ్చుకోకపోయినా నాకు సంతోషంగా ఉంది. తప్పితే తప్పుతాను, మళ్ళీ రాస్తాను.

ఇంకొకటి. తాతయ్య పడుగు మీరు పూర్తి చేశారు. బసవపున్నయ్య బాబాయిది పూర్తి చేశారు. మీది మాత్రం థర్డు ఫారంలో సగం ఉండిపోయింది. ముప్పై ఏళ్ళయినా ఎవరూ దాన్ని కొయ్యలేదు, ఎవరూ దించలేదు. మన వీధి కట్టుబాటు మీకు చెల్లదా? ప్రతి శుక్రవారం బట్టల మూటతో మణెమ్మ నోట్సు ఒక్కో పాఠం మొదటి నుంచి పంపిస్తాను. లెక్కలు చేసి తిరుగు మూటలో పెట్టండి. తరగతిలో ఆరో బల్ల ఖాళీగా ఉంది.

మీ
రత్నం


మంగళగిరి,
12 జులై 1946.

చిరంజీవి రత్నానికి,

నీతో వాదించడం నాది పొరపాటు. మీ అత్తయ్య ఉత్తరం విని, "చక్కగా పెట్టింది గడ్డి" అంది.

మీ నాన్నకు నేను సర్ది చెప్పాను. నా మాట వినలేదు గాని, బసవపున్నయ్య వచ్చి మూడు గంటలు కదలకుండా కూచుంటే విన్నాడు.

మొదటి పాఠం అందింది. నూలు లేని రోజుల్లో గోడ మీద సుద్దముక్కతో చేస్తున్నాను. మొక్కై వంగనిది మానై వంగుతుందా అని వీధిలో అందరూ నవ్వుతున్నారు. నవ్వనీ. ఎనిమిది లెక్కలకు అయిదు వచ్చాయి. మిగతా మూడూ నువ్వు తప్పు రాసుకొచ్చావేమోనని నా అనుమానం.

మీ మామయ్య


బెజవాడ,
22 ఫిబ్రవరి 1947.

మామయ్యగారికి,

నేను తప్పు రాసుకొచ్చిన లెక్కలు ఈ ఎనిమిది నెలల్లో మొత్తం రెండే. మిగతా తప్పులన్నీ మీవే. అయినా జనవరి నుంచి మీ లెక్కలు చూసి నావి దిద్దుకుంటున్నానని ఒప్పుకుంటున్నాను. ఈ మాట అత్తయ్యకు చదివి వినిపించకండి.

నిన్న మాకు ఆఖరి నమూనా పరీక్ష పెట్టారు. శౌరమ్మ టీచరుగారు అయిదుగురికీ కాగితాలు పంచి, ఆరోది తీసుకెళ్ళి ఖాళీ బల్ల మీద పెట్టారు. మీరు పంపిన రవికెల గుడ్డ కుట్టించుకుని తొడుక్కున్నారు. మేము రాసినంతసేపూ ఆ కాగితం అక్కడే ఉంది. అయిపోయాక మడిచి నాకిచ్చి, "మీ మామయ్యగారికి పంపించు. రెండున్నర గంటలే. మగ్గం ఆపి రాయమను" అన్నారు. మీ సంగతి నేను చెప్పలేదు మామయ్యా. నా పుస్తకంలో ఉన్న మీ లెక్కలు చూసి, నా ఫారం మీది దస్తూరీ పోల్చుకున్నారట.

అదే ఈ కాగితం. అత్తయ్యను కాపలా పెట్టుకోండి.

మీ
రత్నం


బెజవాడ,
9 జూన్ 1947.

మామయ్యగారికి, నాన్నకు, అమ్మకు, వీధి మొత్తానికి,

పాసయ్యాను!

పేపర్లో నంబరు బాబాయి మొదట చూసి, నమ్మక, పక్క కొట్టాయనతో చదివించి, అప్పుడు అరిచాడు. లెక్కల్లో నలభై ఒకటి. అయిదుగురమూ పాసే. ఒకమ్మాయికి ఎనభై ఎనిమిది. నేను మారిపోయి ఉంటే ఆ ఎనభై ఎనిమిది ఎక్కడా ఉండేది కాదని టీచరుగారు అందరి ముందూ అన్నారు. నాకు ఎటు చూడాలో తెలియలేదు. మణెమ్మకు కూడా రాశాను. అది అక్కడ తమ్ముళ్ళిద్దరికీ, పక్కింటి ఆడపిల్లలు నలుగురికీ అరుగు మీద లెక్కలు చెబుతోందట.

ట్రైనింగులో చేరి, చరిత్రా లెక్కలూ రెండూ చెప్పే టీచరునవుతాను. ముందు చరిత్ర. ఇది మాత్రం మార్చను.

మీ కాగితం టీచరుగారు ఇవాళే ఇచ్చారు. పరీక్షల హడావిడిలో నన్ను కలవరపెట్టకూడదని ఇన్నాళ్ళూ దాచారట. ఎందుకో చూడండి. మీకు యాభై రెండు! నాకు అదే కాగితంలో ముప్పై ఏడు. ఈ అవమానం నేను ఎక్కడ చెప్పుకోను?

అంచు లెక్క ఆవిడ కావాలనే పెట్టారు. మీరు "పుస్తకం ప్రకారం మూడు. చివర పన్నెండు జంటలు ఉన్నాయని అనుకుంటే రెండు" అని రాశారు. దాని పక్కన ఎర్రసిరాతో ఒకే మాట ఉంది: "ఒప్పు."

మీ
సుబ్బరత్నం


మంగళగిరి,
12 జూన్ 1947.

చిరంజీవి రత్నానికి మామయ్య ఆశీస్సులు.

మీ నాన్న వీధిలో అందరికీ బెల్లం పంచాడు. నలభై ఒకటి నూటికా అని ఎవరో అడిగితే, మా పిల్ల ఒక్కతే సంపాదించింది కాదు, అయిదుగురి మార్కులూ కలిపి చూడండి అని మీ అత్తయ్య కయ్యానికి వెళ్ళింది.

నీకు నేను దిగిపొమ్మని రాశాను. ఆ ఉత్తరం ఉంటే చింపెయ్యి. వద్దులే, ఉంచు. పెద్దవాళ్ళు కూడా తప్పు రాస్తారని నీ శిష్యులకు చూపించడానికి పనికొస్తుంది. నా మేనకోడలివని చెప్పుకోవడం నాకు గర్వంగా ఉంది. దాన్ని మనసులో ఉంచుకోకుండా చెప్పి కలుపుతున్నాను.

నా కాగితం అందింది. తిరిగి మడవబుద్ధి కాలేదు. బసవపున్నయ్య ఈసారి అద్దం బిగించేదాకా ఊరుకోలేదు. శౌరమ్మగారికి నా నమస్కారాలు చెప్పు. ఆవిడకు ఏమిచ్చి నా రుణం తీర్చుకోను? చీర నేస్తున్నాను, కొసలు మాత్రం ఆవిడ పిన్నీసుకు అందనంత గట్టిగా.

గుంటూరు బళ్ళో మాస్టారు ఆ రోజు బోర్డు మీద వేసిన లెక్క నాకింకా గుర్తుంది. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. రెండు ఎక్స్‌లకు మూడు కలిపితే ఇరవై ఒకటి. నిన్న పొద్దున మగ్గం ఎక్కే ముందు గోడ మీద రాసి చేశాను.

ఎక్స్ తొమ్మిది, రత్నం.

మీ
అంకమ్మరావు